ఆకుపచ్చ అంకెలు

లింగంపల్లి,
20-9-1974

పిన్నికి,

పుణ్యవతి నమస్కారాలు. ఇక్కడ అందరమూ క్షేమం అని రాయడానికి నేనొక్కదాన్నే ఉన్నాను. ఆ ఒక్కదాన్నీ బాగానే ఉన్నాను.

నా ఉద్యోగం ఏమిటో మళ్ళీ అడిగావు. రెండేళ్ళుగా చెబుతున్నా నీకు అర్థం కాలేదంటే తప్పు నాదే. పెద్ద భవనాలకు గాలి, నీళ్ళు, కరెంటు ఎలా అందాలో లెక్క కట్టే ఆఫీసు మాది. ఆ లెక్క ఇప్పుడు కంప్యూటరు చేస్తుంది. అది నగరంలో ఉంది. బుధవారం నాడు రెండు గంటలు మాకు వాడుకోనిస్తారు. దానికి పంకా అంటే తెలియదు, పంపు అంటే తెలియదు. అందుకని ఒక్కొక్క పంకాకూ పంపుకూ ఒక అట్టకార్డు ఉంటుంది. ఎంత గాలి తోస్తుంది, ఎంత కరెంటు తింటుంది, ధర ఎంత, ఇవన్నీ ఆ కార్డులో రంధ్రాలు. కంపెనీల పుస్తకాలు చదివి ఆ అంకెలను గళ్ళ కాగితం మీద రాయడం నా పని. నగరంలో అమ్మాయిలు ఆ కాగితం చూసి కార్డులకు రంధ్రాలు కొడతారు.

కార్డులన్నిటినీ కలిపి లైబ్రరీ అంటారు. నేను ఉద్యోగంలో చేరింది ఆ మాట విని. చదవడానికి ఒక్క వాక్యం లేని లైబ్రరీ. ఇప్పటికి మూడు వందల నలభై కార్డులయ్యాయి.

కార్డుల పెట్టెలను రైల్లో నగరానికి మోసుకెళ్ళేది సాయిలు. కొండాపూర్ నుంచి రోజూ నడిచి వస్తాడు. నీ వయసే ఉంటుంది. నిన్న పెట్టె ఎత్తుతూ, "గిండ్ల పంకలున్నయంటరు. గాలైతే లేదు గని బరువు మస్తుగున్నది" అన్నాడు. నేను నవ్వాను. ఆఫీసులో నవ్వడం ఈ నెలలో అదే మొదలు.

మీ కొత్త ఆపరేషన్ థియేటరు ఎలా ఉంది?

నీ పుణ్య

*

నిడదవోలు,
8-10-1974

చి. పుణ్యవతికి పిన్ని దీవెనలు.

ఈసారి అర్థమైంది. నువ్వు యంత్రాలకు జాతకాలు రాస్తున్నావు. ముందే ఇలా చెప్పి ఉంటే రెండేళ్ళు మిగిలేవి.

థియేటరు శ్రావణంలో మొదలైంది. నేల అద్దంలా ఉంది. తెరవడానికి ఒక్క కిటికీ లేదు. దుమ్ము రాకూడదట. మంచి గాలి ఒక గొట్టంలోంచి వస్తుంది, చెడు గాలి ఇంకో గొట్టంలోంచి పోతుంది. పాత థియేటరులో వేపచెట్టు మీద కాకులు ఆపరేషన్ చూసేవి. ఇప్పుడు ఎవరూ చూడరు. ఒకటే ఇబ్బంది, మత్తుకు ఇచ్చే ఈథరు వాసన జుట్టుకు పట్టేస్తోంది. కుంకుడుకాయలు సరిపోవడం లేదు.

నాతో ఉండే చిన్న నర్సు సుబ్బలక్ష్మి గుర్తుందా, వైశాఖంలో పెళ్ళయింది. పోయిన వారం థియేటరులో కళ్ళు తిరిగి గోడ పట్టుకుంది. ఇక చూడు, ఆయా దగ్గర నుంచి మేట్రన్ దాకా అందరూ ముసిముసి నవ్వులు. అత్తగారు అప్పుడే చలిమిడి పంచేసింది. ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోతోంది, "ఇంకా ఏమీ లేదక్కా" అంటుంది.

ఒక్క సందేహం. కంపెనీ పుస్తకంలో అంకె లేకపోతే నువ్వేం చేస్తావు?

మీ పిన్ని

*

లింగంపల్లి,
30-10-1974

పిన్నికి,

సుబ్బలక్ష్మి గారికి నా శుభాకాంక్షలు చెప్పు.

మంచి ప్రశ్న అడిగావు. ఇక్కడ ఎవరూ నన్ను అడగలేదు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా కంప్యూటరు అక్కడే ఆగిపోతుంది. ఆ వారానికి మా రెండు గంటలూ పోతాయి. అందుకని మా పెద్ద ఇంజనీరు కామేశ్వరరావు గారు ఒక పద్ధతి పెట్టారు. పుస్తకంలో ఉన్న అంకెను నీలం సిరాతో రాయాలి. లేనిదాన్ని అలాంటి ఇంకో యంత్రం నుంచి తీసుకుని ఆకుపచ్చ సిరాతో రాయాలి. తరువాత కంపెనీకి ఉత్తరం రాసి అసలు అంకె తెప్పించుకుని దిద్దాలి. చిన్న కంపెనీల పుస్తకాలు నాలుగు పేజీలే ఉంటాయి. వాటికి ఆకుపచ్చ ఎక్కువ పడుతుంది.

ఆయన పోయిన నెల అతిథులకు నా కాగితాలు చూపించి, ఈ అమ్మాయి కాగితంలో ఒక్క ఖాళీ ఉండదు అన్నారు. నేను తల దించుకున్నాను కాని, పిన్నీ, గర్వపడ్డాను.

సాయిలు సీతాఫలాలు తెచ్చాడు. ఇక్కడి బండల మధ్య వాటంతట అవే కాస్తాయి. పంపుదామంటే దారిలో మెత్తబడిపోతాయి.

నీ పుణ్య

*

నిడదవోలు,
20-11-1974

చి. పుణ్యవతికి,

పిన్ని దీవెనలు. నువ్వు గర్వపడ్డావు, సంతోషమే. ఒక మాట అంటే కోపం తెచ్చుకోకు. మా దగ్గర జ్వరం చూడకపోతే చార్టులో గడి ఖాళీగానే ఉండాలి. పక్క మంచం వాడి జ్వరం ఈ మంచం వాడికి రాస్తే, ఏ సిరాతో రాసినా సరే, మమ్మల్ని ఆ పూటే ఇంటికి పంపుతారు.

కార్తీకం వచ్చింది. మొన్న మొదటి సోమవారం ఉపవాసం ఉన్నాను. మధ్యాహ్నం ఆపరేషన్ మూడో గంటలో తల తిరిగింది. బల్ల పట్టుకుని నిలబడ్డాను, ఎవరూ చూడలేదనుకున్నాను. డాక్టరు భీమేశ్వరరావు గారు చూశారు. "ఏమమ్మా వీరలక్ష్మీ, శివుడికి నువ్వు పస్తుంటే నా పేషెంటు కైలాసానికి పోయేట్టున్నాడు" అన్నారు. ఆయనకూ ఈమధ్య తలనొప్పి. కళ్ళజోడు మార్చుకున్నారు.

సుబ్బలక్ష్మికి తిరిగితే శుభవార్త, నాకు తిరిగితే ఉపవాసం. ఇరవై రెండేళ్ళుగా కార్తీక సోమవారాలు చేస్తున్నాను పుణ్యా. ఇలా ఎప్పుడూ లేదు. నలభై అయిదు దాటాయి కదా, అదే అయి ఉంటుంది.

మీ పిన్ని

*

లింగంపల్లి,
26-11-1974

పిన్నికి,

నమస్కారం. డాక్టరు గారు చెప్పింది నిజం. నువ్వు నర్సువి. రక్తంలో చక్కెర తగ్గితే ఏమవుతుందో నేను నీకు చెప్పాలా? అమ్మ పోయాక నన్ను హాస్టలులో చేర్చినప్పుడు, పూట తప్పకుండా తింటానని నా చేత ఒట్టు వేయించుకున్నావు. ఆ ఒట్టు నీకు వర్తించదా? వచ్చే సోమవారం అన్నం తిని డ్యూటీకి వెళ్ళు. నీ మొండితనం వల్ల ఎవరికైనా ఏమైనా అయితే ఆ బాధ్యత నీదే.

ఇక చార్టు సంగతి. మనిషి జ్వరం మనిషిది. పద్దెనిమిది అంగుళాల పంకా ఇంకో పద్దెనిమిది అంగుళాల పంకాలాగే ఉంటుంది. జ్వరమూ పంకా ఒకటి కావు.

పుణ్య

*

నిడదవోలు,
7-12-1974

పుణ్యవతికి,

నీ ఉత్తరం శనివారం అందింది. రెండేళ్ళ తరువాత నువ్వు నన్ను కోప్పడ్డావు, తినే వెళ్ళాలని అనుకున్నాను. సోమవారం ఉప్మా తిని వెళ్ళాను. ఇది గుర్తుపెట్టుకో.

హెర్నియా ఆపరేషన్. రెండున్నర గంటలయింది. డాక్టరు గారు చెయ్యి చాచారు. కత్తెర అందించాననుకున్నాను. తరువాత నేల కనిపించింది. నేను పడుతూ పరికరాల బల్లను కూడా లాగేశాను. మళ్ళీ అన్నీ మరిగించి తెచ్చేదాకా ఎనిమిది నిమిషాలు రోగి పొట్ట తెరిచే ఉంది. బతికాడు. భగవంతుడి దయ.

తిన్నానని చెప్పాను. తిన్నావు, ఉపవాసం కాదు, వయసూ పెద్దది కాదు, మరి ఏమిటి అని మేట్రన్ అడిగింది. నా దగ్గరకు వచ్చి జుట్టు వాసన చూసింది. పుణ్యా, అందరి ముందూ నా తల పట్టుకుని వాసన చూసింది. సాయంత్రానికి ఆసుపత్రి అంతా ఒకటే మాట. వీరలక్ష్మి ఈథరు దూదిని ముక్కు దగ్గర పెట్టుకుంటుందట, మత్తుకు అలవాటు పడిందట. ఇరవై మూడో తేదీ విచారణ. రుజువైతే తీసేస్తారు. నా సర్టిఫికెట్టు మీద ఆ మాట రాస్తే ఈ రాష్ట్రంలో ఏ ఆసుపత్రీ నన్ను గుమ్మం ఎక్కనివ్వదు.

సుబ్బలక్ష్మికి కూడా శుభవార్త కాదట. అత్తగారు పిల్లలో ఏదో లోపమని వైద్యుల చుట్టూ తిప్పుతోంది.

నన్ను వార్డుకు మార్చారు. ఎవరి ముఖమూ చూడలేక మధ్యాహ్నం మేడ మీదికి పోతున్నాను. థియేటరు చెడు గాలి బయటికి లాగే పంకా అక్కడే గోడలో ఉంది. పవనజ 18 అని ఇత్తడి రేకు. గిర్రున తిరుగుతూనే ఉంటుంది. ఈ ఆసుపత్రిలో నన్ను చూసి మాట మార్చనిది అదొక్కటే.

నువ్వు మాత్రం నమ్ముతావు కదూ?

పిన్ని

*

లింగంపల్లి,
11-12-1974

పిన్నీ,

నమ్ముతాను. ఇప్పుడు ఇంకేమీ రాయలేను. నేను అడిగింది చెయ్యి. థియేటరులో చెడు గాలి పోయే జాలీ గోడ కింది భాగంలో ఉండాలి. పంకా తిరుగుతుండగా ఆ జాలీకి ఒక దూదిపోగు కట్టించు. అది గొట్టంలోకి లాగుకుంటుందో లేదో చూడాలి. జాలీ నుంచి మేడ మీద పంకా దాకా గొట్టం ఎన్ని అడుగులు? పంకా రెక్కలు బయటికి కనిపిస్తాయా, రేకు తొడుగులో ఉంటాయా?

ఎందుకని అడగకు.

పుణ్య

*

నిడదవోలు,
16-12-1974

పుణ్యవతికి,

నన్ను థియేటరులోకి రానివ్వడం లేదు. సుబ్బలక్ష్మి కట్టింది. దూదిపోగు కదలలేదట. తాపీమేస్త్రీ గుండు వేలాడినట్టు నిలబడిందట. "అక్కా, పంకా ఆగిందేమో" అని పరుగున వచ్చింది. నేను మేడ మీదే ఉన్నాను. పంకా తిరుగుతోంది. రెక్కలు బయటికే కనిపిస్తాయి. గొట్టం అడుగులు కొలిచాను, అరవై పైన.

ఎందుకని అడగకు అన్నావు. నేను నిన్ను పెంచినదాన్ని. ఎందుకు?

పిన్ని

*

లింగంపల్లి,
19-12-1974

పిన్నికి,

పవనజ 18 నా కార్డు. నంబరు 217.

రెండేళ్ళ కిందట రాశాను. వాళ్ళ పుస్తకం నాలుగు పేజీలు. ఎంత గాలి తోస్తుందో ఇచ్చారు, అది ముందు ఏ అడ్డూ లేనప్పటి అంకె. గొట్టం అడ్డం ఉంటే ఎంత ఒత్తిడిని తట్టుకుని తోయగలదో ఇవ్వలేదు. ఆ గడి ఖాళీ. అదే కొలత ఉన్న ఇంకో పంకా అంకె తీసి ఆకుపచ్చ సిరాతో రాశాను. బొమ్మలో రెండూ ఒకేలా ఉన్నాయి. అది తొడుగులో తిరిగే పంకా, గొట్టాల కోసమే చేసింది. ఇది వంటింటి గోడకు పెట్టుకునేది. అరవై అడుగుల గొట్టానికి పెడితే తిరుగుతుంది, గాలిని లాగదు. మీరందరూ నాలుగు నెలలుగా ఈథరు పీలుస్తున్నారు. నువ్వు, సుబ్బలక్ష్మి, కళ్ళజోడు మార్చుకున్న డాక్టరు గారు.

నా కాగితం మీద ఆ అంకె ఇంకా ఆకుపచ్చగానే ఉంది. నిన్న తీసి చూశాను. కార్డులో మాత్రం అది అన్నిటిలాంటి రంధ్రమే. రంధ్రానికి రంగు ఉండదని రెండేళ్ళలో నాకు తట్టలేదు.

కంపెనీకి ఉత్తరం రాశాను. దాని మీద కామేశ్వరరావు గారి సంతకం కావాలి. ఆయన గదిలో ఎప్పుడూ ఎవరో ఉండేవారు. లోపలికి వెళ్ళి, అడ్డం వచ్చి, సంతకం అడగడానికి సిగ్గుపడ్డాను. రేపు, ఎల్లుండి అనుకున్నాను. ఆ ఉత్తరం నా సొరుగులోనే ఉంది. తేదీ 14-11-1972.

మీ ఆసుపత్రి మా దగ్గర ముప్పై ఒకటో నంబరు పని. పేర్లు పెద్దల దగ్గర ఉంటాయి, నా దాకా నంబరే వస్తుంది.

ఇంకొకటి ఉంది. తప్పు కార్డు ఎప్పుడో ఒకసారి తగులుతుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కంప్యూటరు సరిపోయే వాటిలో చవకైనది ఎంచుతుంది. పవనజ చవక. సరిపోతుందని నేను చెప్పాను. కాబట్టి ప్రతిసారీ వెతికి వెతికి దాన్నే పట్టుకుంది. రెండేళ్ళ పనులు ఇరవై మూడు. అందులో పద్నాలుగింటిలో 217 ఉంది. నేను రాసిన మంచి అంకెలన్నిటినీ పక్కన పెట్టి, అది నా తప్పునే ఎంచుకుంది.

నీ మొండితనం వల్ల ఎవరికైనా ఏమైనా అయితే బాధ్యత నీదే అని రాశాను. ఆ ఉత్తరం చింపెయ్యి.

రేపు ఆఫీసులో చెబుతాను. విచారణకు ముందు ఏదో ఒకటి చేస్తాను.

పుణ్యవతి

*

నిడదవోలు,
24-12-1974

చి. పుణ్యవతికి,

నీ ఉత్తరం నిన్న పొద్దున్నే అందింది. మూడుసార్లు చదివాను. పొయ్యిలో వేశాను.

నువ్వు ఎవరితోనూ ఏమీ చెప్పకు. నిన్న విచారణ అయిపోయింది. ఉపవాసం వల్ల నీరసపడి డ్యూటీకి వచ్చానని, తిన్నానన్నది అబద్ధమని కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఈథరు మాట తీసేశారు. థియేటరు నుంచి తీసేసి ఆడవాళ్ళ వార్డులో వేశారు. ఉద్యోగం ఉంది, పరువు సగం ఉంది. అది చాలు.

పంకాలో ఏదో నలత ఉన్నట్టుంది, మెకానిక్‌ని పిలవండని డాక్టరు గారి చెవిన వేశాను. ఆయన చూపిస్తానన్నారు. అది ఎవరి లెక్కో ఎవరికీ తెలియనక్కర్లేదు. నీకు ఇరవై మూడేళ్ళు. ఆడపిల్లను యంత్రాల ఆఫీసులో పెట్టుకున్నదే గొప్ప. నీ పేరు బయటికి వస్తే, ఇక ఏ ఆడపిల్లకూ ఆ కుర్చీ ఇవ్వరు.

నా మాట విను. ఇదొక్కటి విను.

పిన్ని

*

లింగంపల్లి,
24-12-1974

పిన్నికి,

నిన్న విచారణ ఏమయిందో తెలియకుండానే ఇది రాస్తున్నాను.

శుక్రవారం కామేశ్వరరావు గారి గదిలోకి వెళ్ళాను. ముగ్గురున్నారు. అడ్డం వచ్చి చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆయన వాళ్ళను పంపించి కాగితం చూశారు. "ఆకుపచ్చ సిరా నియమం నేను పెట్టింది. మీరు పాటించారు. మీ తప్పేమీ లేదండీ" అన్నారు. ఆ కార్డు తీసేస్తే ఇక రాదనీ, కట్టినవాటిని కదిలిస్తే ఆఫీసు నిలవదనీ చెప్పారు. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. ఆయన దయగానే మాట్లాడారు. అప్పుడు భయం వేసింది.

పద్నాలుగు భవనాలకూ చిరునామాలు ఆఫీసు పుస్తకంలో చూసి రాసుకున్నాను. పద్నాలుగు ఉత్తరాలు నా చేత్తో, నా పేరుతో రాశాను. అంకె ఎక్కడ నుంచి తెచ్చానో, ఎందుకు అడగలేదో, దూదిపోగు ఎలా కట్టి చూడాలో రాశాను. డాక్టరు భీమేశ్వరరావు గారికి ఇంకో కాగితం జతచేశాను. వీరలక్ష్మి గారు నా పిన్ని అనీ, ఆమె పడింది నా వల్ల అనీ.

శనివారం సాయిలు పోస్టుకు తీసుకెళ్ళాడు. "గిన్ని ఉత్తరాలెందుకమ్మా, పెండ్లి పిలుపులా?" అన్నాడు. కాదన్నాను. నా ముఖం చూసి, "ఎవరన్న పోయిండ్రా?" అని మెల్లగా అడిగాడు. నాకు తెలియదన్నాను. పిన్నీ, పద్నాలుగు చోట్ల ఏం జరిగిందో నాకు నిజంగా తెలియదు.

నిన్నటి నుంచి నన్ను లైబ్రరీ గదిలోకి రావద్దన్నారు. పైవాళ్ళు నిర్ణయించేదాకా ఇంట్లో ఉంటాను.

పుణ్యవతి

*

నిడదవోలు,
21-1-1975

పుణ్యవతికి,

నెల రోజులు నీకు రాయలేదు. కోపంతో రాయలేదు. ఇప్పటికీ ఉంది, దాచుకోను.

నీ ఉత్తరం డాక్టరు గారికి ఇరవై నాలుగున అందింది. అంతకు ముందు రోజే నేను సంతకం పెట్టాను. ఆయన నన్ను పిలిచి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టారు. "ఇందులో ఎవరు అబద్ధం చెబుతున్నారమ్మా? నువ్వా, మీ అమ్మాయా?" అన్నారు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆయన నన్ను ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. నేనే అన్నాను. నీ కోసం నేను తప్పు రాస్తే, నా కోసం నువ్వు నిజం రాశావు. ఇద్దరం ఒకరినొకరు అడగలేదు. ఆ సిగ్గు నాకూ ఉంది.

ఆయన తిట్టలేదు. అదే రోజు థియేటరు మూయించారు. శ్రావణం నుంచి ఆపరేషన్ల రిజిస్టరు ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఎవరు ఆలస్యంగా తేరుకున్నారో, ఎవరు మర్నాడు వాంతులు చేసుకున్నారో వేలితో చూపిస్తూ చదివారు. ఒక పేరు దగ్గర చాలాసేపు ఆగారు. నేను అడగలేదు. నువ్వూ అడగకు. అది పంకా వల్లనో కాదో ఆయనకూ తెలియదు, ఇక తెలియదు కూడా.

సుబ్బలక్ష్మి అత్తగారిని ఆసుపత్రికి పిలిపించి, లోపం గోడలో ఉంది, కోడలిలో కాదని ఆయనే చెప్పారు. ఆవిడకు పూర్తిగా నమ్మకం కుదిరినట్టు లేదు. "పంకా వల్ల కడుపు రాకపోవడమేమిటండీ" అంది. కడుపు సంగతి కాదు, కళ్ళు తిరగడం సంగతి అని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

రాజమండ్రి నుంచి తొడుగున్న పంకా తెప్పించి పోయిన వారం బిగించారు. నిన్న మేట్రన్ డ్యూటీ చార్టులో నా పేరు మళ్ళీ థియేటరు గడిలో రాసింది.

ఈ ఉదయం వెళ్ళాను. పెద్ద ఆపరేషన్, నాలుగు గంటలు. మొదటి గంట నా మోకాళ్ళ మీదే ధ్యాస. రెండో గంటలో డాక్టరు గారు చెయ్యి చాచినప్పుడల్లా నా వేళ్ళను నేనే చూసుకున్నాను. మూడో గంట దాటింది. నాలుగూ అయింది. తల తిరగలేదు. కత్తెరలన్నీ లెక్క పెట్టి అప్పగించి, బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

అప్పుడు ఏడ్చాను పుణ్యా. నీ మీద కోపంతో కాదు. నేను మత్తు పీల్చలేదని, పస్తు లేనని మొదట్లో అందరితో గట్టిగా అన్నాను గాని, లోపల ఎక్కడో మేట్రన్ మాటే నమ్ముతూ వచ్చాను. నాకు తెలియకుండా నేనే ఏదో చేస్తున్నానేమో, నాలో ఏదో పాడైందేమో అని రోజూ రాత్రి నా చేతులు నేనే వాసన చూసుకునేదాన్ని. ఈ పూట నాలుగు గంటలు నిలబడ్డాకనే తెలిసింది, అది నేను కాదని.

మిగతా పదమూడు చోట్ల నుంచి జవాబులు వచ్చాయా? వస్తే ఒక్కొక్కటీ నాకు రాయి. ఏమి ఉన్నా రాయి. నువ్వొక్కదానివే చదవకు.

పిన్ని